జీపీఎస్ వాచ్ కొనే ముందు: అది కొలిచేవి ఏంటి, అంచనా వేసేవి ఏంటి

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గర పడ్తుందంటే చాలు, జూన్ నుంచే ప్రతి రన్నింగ్ గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతుంటది, ఏ వాచ్ తీస్కోవాలి అని. జవాబులు కూడా ప్రతి ఏడాదీ అవే. ఒకరు గార్మిన్ తీస్కో కళ్లు మూస్కొని అంటారు, ఇంకొకరు కోరోస్ అయితే బ్యాటరీ మస్తు వస్తది అంటారు, మూడో ఆయన యాపిల్ అల్ట్రా ఉండగా ఇవన్నీ ఎందుకు అంటారు. ముగ్గురూ నిజమే చెప్తున్నారు, కాకపోతే ఎవరి అవసరం వాళ్లు చెప్తున్నారు. అడిగిన మనిషి ఎక్కడ పరిగెడతాడు, ఎన్ని గంటలు బయట ఉంటాడు, అడవిలోకి వెళ్తాడా లేదా నెక్లెస్ రోడ్ దాటడా, ఇది మాత్రం ఎవరూ అడగరు.

అందుకే బ్రాండ్ పేరు పక్కన పెట్టి ఇంకో వైపు నుంచి మొదలుపెడదాం. ఏ మల్టీస్పోర్ట్ వాచ్ అయినా సరే, ఇరవై వేలదైనా లక్ష రూపాయలదైనా, అది నిజంగా కొలిచేవి నాలుగైదే. శాటిలైట్ సిగ్నల్ వచ్చిన టైమింగ్, చర్మం కింద రక్తాన్ని తాకి వెనక్కొచ్చే లైటు, చుట్టూ ఉన్న గాలి ప్రెషర్, చేతి కదలిక, భూమి అయస్కాంత దిశ. అంతే. స్క్రీన్ మీద కనపడే మిగతావన్నీ, వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె), రికవరీకి ఇన్ని గంటలు, రేసు ఇంత టైములో పూర్తి చేస్తావు, ఇన్ని క్యాలరీలు కరిగాయి, నిద్రకు ఇన్ని మార్కులు, ఇవన్నీ ఆ నాలుగైదు కొలతల మీద కట్టిన లెక్కలు. కింద కొలత తప్పయితే పైన లెక్క ఎంత అందంగా ఉన్నా తప్పే. బాక్సు మీద, యాడ్‌లో, షాపులో ఎక్కువగా చూపించేది లెక్కల్నే. నేనైతే డబ్బులు కొలతల మీద పెట్టమంటాను, అంటే సిగ్నల్ గట్టిగా పట్టే రిసీవర్, గాలి ప్రెషర్ కొలిచే బారోమీటర్, మ్యాప్, బటన్లు, బ్యాటరీ. ఎందుకో ఒక్కొక్కటి చూద్దాం, కొన్ని ఎక్కువసేపు కొన్ని తక్కువసేపు.

ముందు జీపీఎస్. జీపీఎస్ శాటిలైట్లు మనకు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి, ఒక్కోదానిలో అటామిక్ క్లాక్ ఉంటది, ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఇక్కడ ఉన్నా అని అది చెప్తూ పోతుంటది. వాచ్ చేసే పనల్లా ఆ మాట తన దగ్గరికి రావడానికి ఎంత సమయం పట్టిందో చూడటం. రేడియో సిగ్నల్ ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు పోతది, అంటే టైమింగులో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే మన చోటు 300 మీటర్లు పక్కకు జరిగినట్టే. మన చేతి వాచ్‌లో అటామిక్ క్లాక్ ఉండదు గదా, అందుకే మూడు శాటిలైట్లు సరిపోవు, వాచ్ టైములో ఉన్న తప్పును కూడా లెక్కలో పట్టుకోడానికి కనీసం నాలుగు కావాలి.

ఓపెన్ ఆకాశం కింద ఇది బ్రహ్మాండంగా పని చేస్తది. నెక్లెస్ రోడ్ మీద హుస్సేన్ సాగర్ పక్కన పరిగెడితే ఏ మామూలు వాచ్ అయినా గీత చక్కగా గీస్తది. సమస్య మొదలయ్యేది నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు. అటూ ఇటూ అద్దాల బిల్డింగులు, ఆకాశం సన్నగా ఒక పట్టీలాగ కనపడే రోడ్లు. అక్కడ శాటిలైట్ సిగ్నల్ నేరుగా రాకుండా అద్దానికి తగిలి తిరిగి వస్తది, కొండల మధ్య అరిస్తే మన గొంతే ఇంకోసారి ఆలస్యంగా వినపడ్డట్టు, ఆ ఆలస్యాన్ని వాచ్ దూరం అనుకుంటది. తర్వాత మ్యాప్ తెరిచి చూస్తే మనం ఫుట్‌పాత్ మీద కాదు, ఏదో ఐటీ కంపెనీ లాబీలోంచి దూరి పార్కింగులోంచి బయటికొచ్చి మళ్లీ రోడ్డెక్కినట్టు గీత ఉంటది. అదే సమయంలో పేస్, అంటే కిలోమీటరుకు పట్టే నిమిషాలు చూస్తే ఒక నిమిషం 4:30, ఇంకో నిమిషం 7:10, మన కాళ్లు మాత్రం ఒకే లయలో పోతుంటాయి.

డ్యూయల్ ఫ్రీక్వెన్సీ, మల్టీబ్యాండ్ అని బాక్సు మీద రాసేది ఈ సమస్యకే మందు. పాత వాచ్‌లు ఎల్1 అనే ఒక్క ఫ్రీక్వెన్సీ వింటాయి, 1575.42 మెగాహెర్ట్జ్. కొత్తవి దాంతో పాటు ఎల్5 కూడా వింటాయి, 1176.45 మెగాహెర్ట్జ్. గొప్పతనం రెండు వినడంలో కంటే ఎల్5 సిగ్నల్ తయారైన తీరులో ఉంది. శాటిలైట్ పంపేది ఒక కోడ్, ఎల్1లో మామూలు జనం వాడే కోడ్‌లో ఒక్కో ముక్క గాల్లో దాదాపు 293 మీటర్ల పొడవు పడ్తది, ఎల్5లో అదే ముక్క 29 మీటర్లే, ఎందుకంటే అది పది రెట్లు వేగంగా మారుతుంటది. ఇప్పుడు ఒక అద్దం నుంచి తిరిగొచ్చిన సిగ్నల్ అసలు దానికంటే 40 మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చిందనుకోండి. ఎల్1లో 293 మీటర్ల ముక్క మీద 40 మీటర్ల తేడా అంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి, విడదీయడం కష్టం. ఎల్5లో ముక్కే 29 మీటర్లు, కాబట్టి 40 మీటర్లు లేటుగా వచ్చింది వేరేగా నిలబడిపోతది, ఇది నకిలీ అని వాచ్ పక్కన పడేయగలదు. అసలు నేరు సిగ్నలే రాకుండా పూర్తిగా అడ్డుపడిన చోట మాత్రం ఇది కూడా ఏం చేయలేదు.

కాబట్టి మీరు రోజూ పరిగెత్తేది ఎక్కడో దాన్ని బట్టి చూస్కోండి. కేబీఆర్ పార్క్ చుట్టూ, నెక్లెస్ రోడ్, యూనివర్సిటీ క్యాంపస్ లోపల, అక్కడైతే సింగిల్ ఫ్రీక్వెన్సీ వాచ్ కూడా చాలు, దానికోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ బిల్డింగుల మధ్య ఇంటర్వెల్స్ (కాసేపు స్పీడ్ పెంచి, కాసేపు తగ్గించి పరిగెత్తే ప్రాక్టీస్) కొట్టేవాళ్లకు, దట్టమైన చెట్ల కింద లోయల్లో ట్రెక్ చేసేవాళ్లకు డ్యూయల్ ఫ్రీక్వెన్సీ తేడా కంటికి కనపడ్తది. 2023లో ఔటర్ రింగ్ రోడ్ పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది గదా, పైన చాలావరకు సోలార్ ప్యానెళ్ల కప్పు. నెత్తి మీద ఉన్న శాటిలైట్లకు ఆ కప్పు అడ్డం, పక్కల నుంచి వచ్చేవే దిక్కు. అక్కడ జీపీఎస్ స్పీడ్ కాస్త అటూ ఇటూ ఊగితే వాచ్ పాడైందని గాబరా పడొద్దు, చక్రానికి ఒక స్పీడ్ సెన్సార్ కట్టుకుంటే అసలు ఆ గొడవే ఉండదు.

గ్లోనాస్, గెలీలియో, బైడూ అని పేర్లు కూడా కనపడ్తాయి, అవి రష్యా, యూరప్, చైనా వాళ్ల శాటిలైట్లు. ఎన్ని ఎక్కువ వింటే అంత మేలు, ఇప్పుడు మధ్యరకం వాచ్‌లన్నీ ఇవి వింటాయి. మన ఇస్రో వాళ్ల నావిక్ సంగతి చాలామంది ప్రేమతో అడుగుతుంటారు. నావిక్ మొదటి తరం శాటిలైట్లు ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే పలికేవి, ఎల్1 మాత్రమే వినే మామూలు చిప్పులకు అవి వినపడేవే కావు. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా కలిసింది, అంటే ముందు ముందు వాచ్‌లలోకి రావడం తేలిక అవుతది. మనదని సంతోషమే, కానీ ఇవాళ వాచ్ ఎంచుకోడానికి మాత్రం అదొక్కటే కారణం చేస్కోకండి.

ఇంకో చిన్న విషయం, దీనికి డబ్బులు అక్కర్లేదు. శాటిలైట్ తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో పంపుతది, తన సొంత వివరాలు 30 సెకన్లకోసారి తిరిగి చెప్తది, మొత్తం సందేశం పూర్తవడానికి పన్నెండున్నర నిమిషాలు. వాచ్ ముందురోజే ఫోన్‌తో సింక్ అయి ఉంటే ఆ వివరాలు ముందే దిగి ఉంటాయి కాబట్టి క్షణాల్లో లాక్ అవుతది. రేసు లైన్‌లో నిలబడి చెయ్యి పైకెత్తి సిగ్నల్ కోసం చూసేవాళ్లలో చాలామంది వారాల తరబడి సింక్ చేయనోళ్లే.

దూరం విషయంలో ప్రతి రేసు తర్వాత వచ్చే గొడవ కూడా ఇక్కడే తీర్చుకుందాం. హాఫ్ మారథాన్ 21.1 కదా, నా వాచ్‌లో 21.4 వచ్చింది, ఆర్గనైజర్లు కొలత తప్పారు అని. సర్టిఫైడ్ కోర్సును కొలిచేది జీపీఎస్‌తో కాదు, కాలిబ్రేట్ చేసిన సైకిల్ చక్రంతో, అదీ మలుపుల దగ్గర మనిషి పరిగెత్తగలిగిన అతి దగ్గరి గీత పట్టుకొని, తక్కువ పడకుండా కిలోమీటరుకు ఒక మీటర్ అదనంగా కలిపి. మనం ఆ గీత మీద పరిగెత్తం, నీళ్ల టేబుల్ దగ్గర పక్కకు పోతాం, జనాన్ని తప్పించుకొని అటు ఇటు పోతాం, పైన జీపీఎస్ సన్నగా వణుకుతూ ఉంటది. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు, మలుపులతో పోయే రూట్‌లో రెండు మూడు వందల మీటర్లు ఎక్కువ చూపించడం మామూలే. పేస్ కూడా అంతే, ఆ క్షణం పేస్ చూడకుండా ల్యాప్ పేస్, అంటే ఆ ల్యాప్ మొత్తానికి సగటు పెట్టుకోండి. గచ్చిబౌలి స్టేడియం ట్రాక్ మీద ప్రాక్టీస్ చేసేవాళ్లయితే ట్రాక్ మోడ్ ఉన్న వాచ్ చూడండి, లేన్ నంబర్ చెప్తే చాలు, మలుపుల్లో జీపీఎస్ కోసేసే మీటర్లను అది 400 లెక్కకు సరిచేస్కుంటది.

ఇక గుండె వేగం. వాచ్ వెనక పచ్చ లైట్లు వెలుగుతాయి గదా, రక్తం పచ్చ రంగును పీల్చుకుంటది, గుండె కొట్టిన ప్రతిసారీ రక్తం పొంగుతది కాబట్టి తిరిగొచ్చే లైటు కొంచెం తగ్గుతది, ఆ హెచ్చుతగ్గులను లెక్కబెడ్తది. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, ఒకే వేగంతో మెల్లగా పరిగెత్తేప్పుడు ఇది బాగానే ఉంటది. స్పీడ్ పెంచి తగ్గించే ఇంటర్వెల్స్‌లో, సైకిల్ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు, బరువులెత్తేప్పుడు తడబడ్తది. ఇందులో ఒక తప్పు గురించి ప్రత్యేకంగా తెలుస్కోవాలి. పరిగెత్తేప్పుడు నిమిషానికి 170 అడుగులు పడ్తుంటే చెయ్యి కూడా అదే లయలో ఊగుతది, పట్టీ వదులుగా ఉంటే వాచ్ గుండెను వదిలేసి అడుగులను పట్టుకుంటది. మనం హాయిగా మాట్లాడుకుంటూ పోతుంటే గుండె 170 అని చూపిస్తది. అనుమానం వస్తే పక్కనే క్యాడెన్స్ (నిమిషానికి పడే అడుగులు) నంబర్ పెట్టి చూడండి, రెండూ ఒక్కటే అయి ఒకేసారి కదులుతుంటే అది మీ గుండె కాదు. మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పంత పైన, జారకుండా బిగించి పెట్టుకుంటే చాలావరకు తగ్గుతది.

గట్టి మందు మాత్రం ఛాతీ పట్టీయే, చెస్ట్ స్ట్రాప్. అది లైటుతో కాదు, గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే కరెంటును నేరుగా పట్టుకుంటది. వాచ్ ధరలో చిన్న వాటాకే వస్తది. హార్ట్ రేట్ జోన్లు (గుండె వేగాన్ని తేలిక నుంచి కష్టం దాకా విడగొట్టిన మెట్లు) చూస్కొని ట్రైనింగ్ చేసేవాళ్లు వాచ్‌లో ఒక మెట్టు దిగి ఆ మిగిలిన డబ్బుతో పట్టీ కొనుక్కోవడం ఎప్పుడూ లాభమే, ఈ మాట నేను ఎవరికైనా గట్టిగా చెప్తాను. ఈత కొట్టేవాళ్లు ఇంకోటి గమనించాలి, నీళ్లలో బ్లూటూత్, యాంట్ ప్లస్ (సెన్సార్లను వాచ్‌కు కలిపే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) సిగ్నల్ నిలబడదు, కాబట్టి పట్టీలోనే మెమరీ ఉండి గట్టుకొచ్చాక వాచ్‌కో ఫోన్‌కో పంపే రకం కావాలి.

జోన్ల మాట వచ్చింది కాబట్టి, 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ వస్తదని వాచ్ మొదట్లో పెట్టుకునే లెక్క ఉంటది చూడండి, అది జనాభా మొత్తానికి సగటు, ఒక్క మనిషికి పది పన్నెండు బీట్లు తేడా రావడం మామూలు. అది తప్పయితే జోన్లు తప్పు, జోన్లు తప్పయితే రికవరీ గంటలు తప్పు. వీఓ2 మ్యాక్స్ కూడా ఇంత పేస్‌కు గుండె ఇంత కొట్టుకుంది అన్న సంబంధం మీదే ఆధారపడ్తది. గార్మిన్‌లో దీని వెనక ఉన్న లెక్క ఫిన్లాండ్ కంపెనీ ఫస్ట్‌బీట్‌ది, 2020లో గార్మిన్ ఆ కంపెనీని కొనేసింది. లెక్క మంచిదే. కానీ మన ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికే ఉక్కపోస్తుంటే అదే పేస్‌కు గుండె పదేసి బీట్లు ఎక్కువ కొడ్తది, ఒళ్లు చల్లబర్చుకోడానికి రక్తాన్ని చర్మం వైపు తోలుతది కాబట్టి. వాచ్ మాత్రం నీ ఫిట్‌నెస్ పడిపోయింది అంటది. కొన్ని మోడళ్లలో 22 డిగ్రీలు దాటితే ఎండను లెక్కలో పట్టుకునే ఫీచర్ ఉంది, హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు అది నిజంగా పనికొచ్చేది. లేకపోయినా పర్వాలేదు, వేసవిలో ఆ నంబర్ కిందికి పోతే దిగులు పడి ట్రైనింగ్ పెంచకండి, అలా పెంచి ఎండదెబ్బకు పడిపోయేవాళ్లున్నారు.

ఎత్తు గురించి తక్కువమంది మాట్లాడతారు, ట్రెక్కింగ్‌కు పోయేవాళ్లకు ఇది ముఖ్యం. జీపీఎస్ అడ్డంగా బాగానే కొలుస్తది గానీ నిలువుగా బలహీనం, ఎందుకంటే శాటిలైట్లన్నీ మనకు పైనే ఉంటాయి, కింద నుంచి చెప్పేవి ఉండవు. అందుకే మంచి వాచ్‌లలో బారోమీటర్ పెడ్తారు. మన ఎత్తులో గాలి ప్రెషర్ ఒక హెక్టోపాస్కల్ తగ్గిందంటే దాదాపు ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎక్కినట్టు. చిక్కేంటంటే ప్రెషర్ మనం ఎక్కకపోయినా మారుతది. మన ప్రాంతాల్లో రోజూ పొద్దున పదింటి దాకా పెరిగి సాయంత్రం నాలుగు ప్రాంతంలో పడ్తది, ఆ తేడా రెండు మూడు హెక్టోపాస్కల్ ఉంటది. అనంతగిరిలో పొద్దున టెంట్ వేస్కొని కదలకుండా కూర్చున్నా సాయంత్రానికి వాచ్ ఇరవై పాతిక మీటర్లు ఎక్కావు అనొచ్చు, వాన మబ్బు వస్తే ఇంకొంచెం. ఎత్తు తెలిసిన చోట బయల్దేరే ముందు కాలిబ్రేట్ చేస్కుంటే సరిపోతది. అన్నట్టు బారోమీటర్‌కు గాలి తగలడానికి వాచ్ పక్కన సన్నటి రంధ్రాలుంటాయి, మన చెమటకు అవి ఉప్పు పట్టి మూసుకుపోతాయి, అప్పుడు చదునైన రోడ్డు మీద కూడా గుట్టలెక్కినట్టు చూపిస్తది. పరుగు అయ్యాక మామూలు నీళ్లతో కడగండి, పిన్నుతో మాత్రం పొడవకండి.

ఇప్పుడు దారి చూపించే సంగతి, అసలు డబ్బుల తేడా ఎక్కువ వచ్చేది ఇక్కడే. నావిగేషన్ ఉంది అని ప్రతి బాక్సు మీదా ఉంటది, కానీ రెండు రకాలు వేరు. ఒకటి బ్రెడ్‌క్రంబ్, నల్లటి తెర మీద ఒక గీత, ఆ గీత మీద మనం ఒక చుక్క. రెండోది నిజమైన మ్యాప్, చుట్టూ ఉన్న బాటలు, వాగులు, ఎత్తు గీతలు, ఊళ్లు అన్నీ కనపడేది. గార్మిన్‌లోనే చూస్తే ఫోరన్నర్ 265లో మొదటి రకం, 965లో రెండో రకం.

రెండిటికీ తేడా అడవిలో బాట చీలిన చోట తెలుస్తది. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో వానాకాలం పోయారనుకోండి, ఎవరో ఇచ్చిన జీపీఎక్స్ ఫైల్, అంటే వాళ్లు నడిచిన దారి గీత ఉన్న ఫైల్, వాచ్‌లో వేస్కున్నారు. బాట ఒక చోట రెండుగా చీలింది, రెండూ దాదాపు ఒకే దిక్కు పోతున్నాయి, మధ్యలో పది పదిహేను మీటర్ల దూరమే. చెట్ల కింద జీపీఎస్ తప్పు కూడా అంతే ఉంటది. బ్రెడ్‌క్రంబ్‌లో రెండు బాటల్లో ఏది పట్టినా గీత మీదే ఉన్నట్టు కనపడ్తది, ఓ నూటయాభై మీటర్లు నడిచాక దారి తప్పావని చెయ్యి వణికిస్తది, అప్పుడు వెనక్కి రావాలి. మ్యాప్ ఉన్న వాచ్‌లో ఆ చీలిక ముందే కనపడ్తది, కుడి బాట వాగులోకి దిగుతుంది, ఎడమ బాట గుట్ట అంచునే పోతుంది అని ఎత్తు గీతలు చెప్తాయి, నిలబడి ఒక్కసారి చూస్తే తేలిపోతది. ఇంకోటి, నిలబడ్డ చోట జీపీఎస్‌కు మనం ఎటు తిరిగి ఉన్నామో తెలియదు, కదిలితేనే దిశ తెలుస్తది. అందుకే చీలిక దగ్గర ఆగినప్పుడు తెర మీద బాణం సరిగ్గా చూపించాలంటే వాచ్‌లో మ్యాగ్నెటిక్ కంపాస్ ఉండాలి. చౌక మోడళ్లలో తీసేసే మొదటి వస్తువుల్లో ఇదొకటి, స్పెసిఫికేషన్లలో వెతికి చూడండి.

మ్యాప్ ఉన్నంత మాత్రాన అందులో బాటలన్నీ ఉంటాయనుకోకండి. ఈ వాచ్‌ల మ్యాప్‌లు చాలావరకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో చేసినవి, వాలంటీర్లు గీస్తేనే అందులో బాట ఉంటది. కొనే ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్ తెరిచి మీరు తిరిగే చోట్లు చూడండి, భువనగిరి కోట చుట్టుపక్కల, ఖాజాగూడ రాళ్ల దగ్గర, అనంతగిరిలో ఎన్ని కాలిబాటలు గీసి ఉన్నాయో. మీరు తిరిగే చోట మ్యాప్ ఖాళీగా ఉంటే మ్యాప్ వాచ్ కోసం పెట్టే డబ్బు సగం వేస్ట్, అక్కడ బ్రెడ్‌క్రంబ్, వచ్చిన దారినే వెనక్కి తీస్కెళ్లే బ్యాక్ టు స్టార్ట్ చాలు. ఇంకా మంచిదేంటంటే ఆ బాటలు మీరే గీయొచ్చు, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తాయి. మ్యాప్‌లో బాట ఉంటే వెళ్లొచ్చని కూడా కాదు, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లాంటి చోట్ల ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ లేకుండా లోపలికి పోకూడదు, వాచ్‌కు ఆ సంగతి తెలియదు. ఫోన్‌లో కూడా ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకొని, ఆ ఫోన్ స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టుకోండి.

బ్యాటరీ దగ్గర చాలామంది రోజులు చూసి కొంటారు, చూడాల్సింది గంటలు. ఉదాహరణకు ఫోరన్నర్ 965కి కంపెనీ చెప్పేది మామూలు వాడకంలో 23 రోజులు, కానీ జీపీఎస్ మాత్రమే పెట్టి 31 గంటలు, అన్ని శాటిలైట్లు, మల్టీబ్యాండ్ పెడితే 19 గంటలు. మ్యాప్ తెరిచి పెట్టినా, తెర ఎప్పుడూ వెలిగేలా పెట్టినా ఇంకా తగ్గుతది. మీ లెక్క మీరు వేస్కోండి. మారథాన్‌కు ఆరు గంటలు, ఈత, సైకిల్, పరుగు కలిసిన హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు ఎనిమిదిన్నర, ఫుల్ ఐరన్‌మ్యాన్‌కు 17 గంటల కటాఫ్. సైకిల్ బ్రెవేలు, అంటే టైమ్ లిమిట్ లోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, తొక్కేవాళ్లది వేరే లోకం, 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు టైమ్ లిమిట్. 300 దాటారంటే వాచ్ బ్యాటరీ మీద కంటే పవర్ బ్యాంక్ మీద నమ్మకం పెట్టుకోవాలి, అప్పుడు చూడాల్సింది రికార్డింగ్ ఆగకుండా చార్జ్ అవుతదా లేదా అన్నది. బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతది కూడా, అందుకే మీ పెద్ద ఈవెంట్ ఎంతసేపో దానికి ఒకటిన్నర రెట్లు ఉండేలా తీస్కోండి.

సోలార్ మోడళ్ల గురించి ఒక మాట. ఆ కంపెనీలు చెప్పే అదనపు రోజులు, రోజూ మూడు గంటలు 50,000 లక్స్ (వెలుతురు కొలమానం) ఎండలో వాచ్ ఉంటదని వేసిన లెక్క. ఎండకు మన దగ్గర లోటేం లేదు, కానీ మనమే ఎండ రాకముందు పరుగు ముగిస్తాం, పగలంతా ఆఫీసులో ఉంటాం. రోజంతా కొండల్లో తిరిగేవాళ్లకు తప్ప ఆ డబ్బు వేరే చోట పెట్టడం మేలు. తెర విషయానికొస్తే అమోలెడ్, అంటే తనంత తానే వెలిగే తెర, ముద్దుగా ఉంటది, మ్యాప్ చదవడానికి బాగుంటది, పొద్దున చీకట్లో బయల్దేరేవాళ్లకు సుఖం. బయటి వెలుతురుతోనే కనపడే ఎమ్ఐపీ తెర ఇంట్లో చూస్తే వెలిసిపోయినట్టు ఉంటది గానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంకా స్పష్టంగా కనపడ్తది, చార్జింగ్ తక్కువ తింటది. షాపులో కాకుండా గుమ్మం బయటికి తీస్కొచ్చి చూడండి.

బటన్లు మాత్రం తప్పనిసరి, ఇందులో రాజీ వద్దు. ఆగస్టు ముసురులో తడి వేలితో టచ్ తెర మీద ల్యాప్ కొట్టడం అసలు కుదరదు, చెమటకు కూడా అంతే.

మల్టీస్పోర్ట్ అన్న పేరు దగ్గర జాగ్రత్త. వంద స్పోర్ట్స్ మోడ్‌లు అని రాసి ఉన్నంత మాత్రాన అది మల్టీస్పోర్ట్ వాచ్ కాదు. అసలు మల్టీస్పోర్ట్ మోడ్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకే రికార్డింగులో, మధ్యలో బట్టలు మార్చుకునే ట్రాన్సిషన్ టైముతో సహా, ఒక్క బటన్ నొక్కితే తర్వాతి దానికి మారేది. ఫోరన్నర్ 165లో ఈత ఉంది, సైకిల్ ఉంది, పరుగు ఉంది, కానీ ట్రయాథ్లాన్ మోడ్ లేదు, 265లో ఉంది. సైకిల్ తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్ వాడే ఆలోచన ఉంటే దాన్ని వాచ్ పట్టుకుంటదో లేదో, యాంట్ ప్లస్‌తోనా బ్లూటూత్‌తోనా, ముందే చూస్కోండి. ఈతలో పూల్ పొడవు మీరే సరిగ్గా పెట్టాలి, వాచ్ లెక్కబెట్టేది ఎన్ని పొడవులు తిరిగారన్నదే, అపార్ట్‌మెంట్ పూల్ 18 మీటర్లుంటే 25 అని వదిలేస్తే కిలోమీటరు ఈత కొట్టామని సంబరపడ్డది నిజానికి 720 మీటర్లే. చెరువులో, సముద్రంలో జీపీఎస్ నీళ్ల కిందికి రాదు, చెయ్యి పైకి లేచిన ఆ రెప్పపాటులోనే సిగ్నల్ పట్టుకుంటది, కాబట్టి ఓపెన్ వాటర్ గీత వంకరగా వస్తే అది వాచ్ తప్పు కాదు. 5 ఏటీఎమ్ అన్నది (నీళ్ల ప్రెషర్ ఎంత తట్టుకుంటదో చెప్పే రేటింగ్) ఈతకు చాలు, కానీ 50 మీటర్ల లోతుకు డైవ్ చేయొచ్చని కాదు, వేడినీళ్లు, సబ్బు కూడా రబ్బరు సీళ్లకు మంచివి కావు.

మొత్తానికి ఎవరికి ఏది అంటే, రోడ్డు మీద పరుగు ఒక్కటే ఉంటే చిన్న మోడల్, దానికి తోడు ఛాతీ పట్టీ. బిల్డింగుల మధ్య ఇంటర్వెల్స్, ట్రయాథ్లాన్ ఉంటే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ, ట్రయాథ్లాన్ మోడ్ ఉన్న మధ్యరకం, మ్యాప్ అక్కర్లేదు. కొత్త కొండలు, తెలియని బాటలు, హిమాలయాల ట్రెక్కులు ఉంటేనే మ్యాప్, బారోమీటర్, కంపాస్ మూడూ ఉన్న పెద్దది. అది కూడా ఒక తరం పాతది తీస్కున్నా ఏం పోదు, ఈ మధ్య కొత్త తరాల్లో మారేది ఎక్కువగా లెక్కలే, కొలతలు కాదు.

మన దగ్గర సగం వాచ్‌లు అమెరికా నుంచి వచ్చే అన్నయ్యలు, బావలు తెచ్చేవే కాబట్టి రెండు సంగతులు. అక్కడి వాచ్‌లో ఇండియా మ్యాప్ ఉండకపోవచ్చు, కొన్ని మోడళ్లలో వైఫై మీద ఫ్రీగా దింపుకోవచ్చు, పాతవాటిలో కుదరదు, వారంటీ కూడా ఇక్కడ చెల్లుతదో లేదో ముందే అడగండి. రెండోది ఇంకా ముఖ్యం. జీపీఎస్ వాచ్ సిగ్నల్ వింటది అంతే, పంపదు, దానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ శాటిలైట్‌కు మెసేజ్ పంపే పరికరాలు అనుమతి లేకుండా పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం, గార్మిన్ వాళ్ల ఇన్‌రీచ్ లాంటివి తెచ్చిన విదేశీ టూరిస్టులను ఎయిర్‌పోర్టుల్లో ఆపి కేసులు పెట్టిన వార్తలు వచ్చాయి. ఇప్పుడు గార్మిన్ ఫీనిక్స్ 8 ప్రో లాంటి మోడళ్లలో ఆ ఇన్‌రీచ్ వాచ్ లోపలికే వచ్చేసింది. బయటికి చూస్తే మామూలు ఫీనిక్స్ 8కి దానికి పెద్ద తేడా తెలియదు, పేరు చివర ప్రో అన్న ఒక్క ముక్కే తేడా. తెచ్చే బావకు కూడా తెలియకపోవచ్చు, కాబట్టి ఆయన ఆర్డర్ పెట్టే ముందే మోడల్ పేరు పూర్తిగా రాసి పంపండి.